పాత క్యాంపర్ వ్యాన్‌కి గాలాడే కిటికీలు మనమే బిగించుకోవడం ఎలా

మా బండి 1995 మోడల్ ఫోర్డ్ ఎకనోలైన్ ఈ-150, హైటాప్ (ఎత్తు పెంచిన రూఫ్) ఉన్న కన్వర్షన్ వ్యాన్. అప్పట్లో అమెరికాలో ఇవి బాగా నడిచాయి, ఫోర్డ్ దగ్గర ఉత్త వ్యాన్ తీసుకుని వేరే కంపెనీలు లోపల సోఫా, చెక్కపని, పక్కల పెద్ద పెద్ద నల్లద్దాలు పెట్టి అమ్మేవి. ఆ అద్దాలు చూడ్డానికి భలే ఉంటాయి కానీ మా దాంట్లో ఒక్కటీ తెరుచుకోదు. డాలస్‌లో ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు, జులై ఆగస్టుల్లో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే, రాత్రి పదింటికి కూడా బండి లోపల ఉక్క తగ్గదు. దానికి తోడు మన వంట. ఒకసారి టెక్సస్‌లోని పాలో డ్యూరో కాన్యన్‌లో వాన పడుతుంటే బయట స్టవ్ పెట్టుకునే వీల్లేక లోపలే పప్పు చేసి పోపు పెట్టాం, ఎండుమిర్చి ఘాటుకి పిల్లలిద్దరూ దగ్గలేక తలుపు తీసుకుని వానలోకి పోయి నిలబడ్డారు. పొద్దున లేచేసరికి అద్దాల మీద చెమ్మ కారి పరుపు అంచు మొత్తం తడిసిపోయింది. కిలో ప్రొపేన్ మండితే దాదాపు కిలోన్నర పైన నీళ్ళు ఆవిరిగా వస్తాయి, దానికి నలుగురి ఊపిరి కలుస్తుంది, ఆ చెమ్మంతా చల్లటి అద్దం మీదకే చేరుద్ది. అందుకని రెండు పక్కలా ఉన్న పాత అద్దాలు తీసేసి, కొలతిచ్చి చేయించిన స్లైడింగ్ కిటికీలు బిగించాను. ఒకటి సరిగ్గా కుదిరింది, ఒకటి రెండుసార్లు పీకి మళ్ళీ పెట్టాల్సొచ్చింది. ఆ రెండోది ఎందుకు కుదర్లేదో కూడా చెప్తాను, మీకు ఆ పని తప్పుద్ది.

ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకోండి, మిగతా పనంతా దీని చుట్టూనే. గాలికి రెండు దారులు కావాలి, లోపలికి ఒకటి బయటికి ఒకటి. నీళ్ళకి ఒక్క దారే ఉండాలి, బయటికి.

ఎక్కడ పెట్టాలి

మన ఊళ్ళలో పాత పెంకుటిళ్ళు గుర్తు తెచ్చుకోండి, వీధి గుమ్మానికి ఎదురుగా పెరటి గుమ్మం ఉండేది, రెండూ తీసి పెడితే మండువేసవిలో కూడా మధ్యగదిలో చాప వేసుకుని పడుకోగలిగేవాళ్ళం. వ్యాన్‌లోనూ అంతే. ఒకపక్కే ఎంత పెద్ద కిటికీ పెట్టినా గాలి కదలదు, రెండు పక్కలా చిన్నవి పెడితే కదులుద్ది. ఇంకా మంచిది ఏంటంటే ఎదురెదురుగా కాకుండా ఐమూలగా పెట్టడం, నేను డ్రైవర్ వైపు ముందర స్టవ్ దగ్గర ఒకటి, రెండోది పాసింజర్ వైపు వెనకాల పరుపు దగ్గర పెట్టాను, గాలి బండి మొత్తం తిరిగి పోద్ది. రూఫ్ ఫ్యాన్ ఉంటే అది వేడిగాలిని పైకి లాగేస్తుంటే కిటికీలు రెండూ గాలి లోపలికిచ్చే దారులైపోతాయి, అప్పుడు మీరు తల పెట్టుకునే వైపు కిటికీ తీసి రెండోది మూస్తే గాలి సరిగ్గా మీ మీదుగా పోద్ది.

కొనేముందు ఒక పరీక్ష చేయండి, ఖర్చేం లేదు. సాయంత్రం బండి నీడలో పెట్టి, ముందు డోర్ అద్దం ఒకటి సగం దించి, వెనక తలుపు కొంచెం తీసి, అగరుబత్తి వెలిగించి మీరు కిటికీ అనుకుంటున్న చోట పట్టుకోండి. పొగ ఎటు పోతుందో చూడండి. నేను మొదట అనుకున్న చోట పొగ నిటారుగా లేచి అక్కడే సుడి తిరిగింది, రెండడుగులు వెనక్కి జరిపితే సన్నటి దారంలా పక్కకి సాగింది. అక్కడే పెట్టాను.

ఇంకోటి, స్లైడింగ్ అద్దంలో తెరుచుకునే సగం బండి వెనక వైపుకి ఉండేట్టు చూసుకోండి, పొరపాటున కొంచెం తెరిచి ఉండి హైవే మీద వాన వచ్చినా నీళ్ళు సూటిగా లోపలికి కొట్టవు. ఎడమపక్క కిటికీ కుడిపక్కకి పనికిరాదు, ఆర్డర్‌లో ఏ పక్కో రాయాలి. వాన ఎక్కువ పడే చోట ఉంటే కింద నుంచి గొడుగులా బయటికి తెరుచుకునే రకం మంచిది, వానలో కూడా తీసి పెట్టుకోవచ్చు, కాకపోతే దాన్ని మూయకుండా బండి నడపకూడదు. అన్నట్టు ఏ రకమైనా సరే, ఇంజన్ ఆన్‌లో ఉండగా వెనక కిటికీ ఒక్కటే తీసి పెట్టకండి, నడిచే బండి వెనకాల గాలి లోపలికి లాగినట్టయ్యి సైలెన్సర్ పొగ లోపలికొస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే కిటికీల కన్నా ముందు అది కొనండి.

కొలతలు

ఈ పనిలో అన్నిటికన్నా టైమ్ ఇక్కడ పెట్టాలి, ఎందుకంటే టెంపర్డ్ గ్లాస్‌ని (బండి కిటికీలకి వాడే, వేడిచేసి గట్టిపరిచిన అద్దం) తర్వాత కోయలేం, కోయబోతే మొత్తం పొడైపోద్ది. కొలత తప్పితే కిటికీ మొత్తం దండగ.

పాత అద్దం మా బండిలో లోపల నుంచి ఒక రింగ్, దాని చుట్టూ స్క్రూలతో బిగించి ఉంది. దీన్ని క్లాంప్ రింగ్ అంటారు. బయట ఫ్రేమ్, లోపల రింగ్, మధ్యలో బండి గోడ నొక్కుకుని ఉంటుంది, శాండ్‌విచ్ లాగా. ముందు లోపలి చెక్క వాలెన్స్ (కిటికీ చుట్టూ ఉండే అలంకారపు చట్రం), బ్లైండ్లు తీసేయండి, స్క్రూలు విప్పి రింగ్ తీయండి, తర్వాత బయట ఒకరు అద్దాన్ని పట్టుకుని ఉండగా లోపల నుంచి నిదానంగా నొక్కాలి. పాత సీలెంట్ పట్టేసి ఉంటే ప్లాస్టిక్ స్క్రేపర్‌తో చుట్టూ కోసుకుంటూ పోండి, స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తొద్దు, రేకు వంగుద్ది, వంగిన రేకు మీద ఏ సీలూ నిలవదు. ఒంటరిగా అస్సలు చేయకండి, ఆ అద్దాలు చాలా బరువు.

ఇప్పుడు ఆ రంధ్రాన్ని వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల కొలిచి అన్నిట్లో తక్కువున్నది రాసుకోండి. రెండు ఐమూలలు కూడా కొలవండి, తేడా ఉంటే రంధ్రం చదరంగా లేదని అర్థం. మూలలు గుండ్రంగా ఉంటాయి కదా, ఆ వంపు కూడా కావాలి, దానికి తేలిక మార్గం వంటింట్లో గ్లాసులు, డబ్బా మూతలు తెచ్చి ఏది సరిగ్గా ఒదుగుతుందో చూడటం, ఆ మూత వ్యాసంలో సగం రాయండి. ఆ తర్వాత అట్టముక్క పెట్టి రంధ్రం ఆకారం గీసి కోసి అందులో పెట్టి చూడండి. ఆ అట్ట చేతితో సులువుగా లోపలికీ బయటికీ వచ్చేదాకా సరిచేయండి. అదే మీ అసలు కొలత, టేపు కాదు.

గోడ మందం మర్చిపోవద్దు. బయటి రేకు నుంచి లోపలి ప్యానెల్ దాకా ఎంతో కొలిచి ఇవ్వాలి, దాన్ని బట్టే రింగ్ చేస్తారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు మీరు చెప్పేది రంధ్రం కొలతా, కిటికీ కొలతా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోండి, నాకు తెలిసిన ఇద్దరు ఇక్కడే దెబ్బతిన్నారు. కిటికీ రంధ్రం కన్నా కొంచెం చిన్నగా ఉండాలి, ఆ ఖాళీ ఎంతన్నది తయారుచేసేవాళ్ళు చెప్తారు, వాళ్ళు చెప్పిందే పాటించండి.

ఇంకా గ్లాస్ మీద ఏఎస్2 లేదా ఏఎస్3 అని ముద్ర ఉండేట్టు అడగండి, అమెరికాలో బండి అద్దాలకి ఉండాల్సిన సేఫ్టీ గుర్తు అది. లైటుగా ఉండేది ఏఎస్2, నల్లటి టింట్‌ది ఏఎస్3, ఏఎస్3 డ్రైవర్ వెనక భాగంలోనే. ఇంటి కిటికీ అద్దం తెచ్చి పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి.

కస్టమ్ కిటికీలు రావడానికి వారాలు పడుద్ది, అప్పటిదాకా పాత అద్దాన్ని కొత్త బ్యూటైల్ టేప్‌తో (జిగురుగా, మెత్తగా ఉండే రబ్బరు లాంటి సీలింగ్ టేప్) మళ్ళీ పెట్టేయండి. రెండుసార్లు తీయాల్సొస్తుంది, నిజమే, కానీ ప్లాస్టిక్ కవర్ అంటించిన బండిని నెల రోజులు వానకి వదిలేయడం కన్నా నయం.

బండి పక్క చదునుగా ఉండదు

నా రెండో కిటికీ చెడింది ఇక్కడే. ఎకనోలైన్ పక్కభాగం చూడ్డానికి చదునుగానే ఉంటుంది కానీ పై నుంచి కిందకి చిన్న వంపు ఉంది. చదును ఫ్రేమ్ పెడితే మధ్యలో ఆనుతుంది, పైనా కిందా లేస్తుంది. పొడుగాటి ఇనప స్కేలు రంధ్రం పక్కన నిలువుగా ఆనించి చూడండి, స్కేలుకీ రేకుకీ మధ్య వెలుతురు ఎక్కడ కనబడుతుందో అక్కడ గుర్తు పెట్టండి. ఖాళీ 1/8 అంగుళం లోపు ఉంటే ఆ చోట బ్యూటైల్ రెండు పొరలు వేసి సర్దొచ్చు. అంతకన్నా ఎక్కువుంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పి వంపు ఫ్రేమ్ చేయించుకోవాలి, లేదా వంపుకి తగ్గట్టు మధ్యలో ఒక అడాప్టర్ రింగ్ పెట్టాలి. నేను వెనక కిటికీ దగ్గర ఇది చూడకుండా స్క్రూలు గట్టిగా బిగిస్తే అదే ఆనుతుందిలే అనుకున్నాను. పై మూల దగ్గర ఫ్రేమ్ లేచే ఉంది, మొదటి వానకే లోపలి ప్యానెల్ వెనక నుంచి నీళ్ళు కారాయి, నాలుగు రోజుల తర్వాత వాసన వస్తే గానీ తెలీలేదు.

తుప్పు

పాత అద్దం తీశాక అంచు చూస్తే చాలామందికి గుండె గుభేలంటుంది. దాదాపు ముప్పై ఏళ్ళ బండి, చుట్టూ ఎర్రగా పొంగి పెచ్చులు లేచి ఉంటాయి. ముఖ్యంగా కింది అంచు, నీళ్ళు నిలిచేది అక్కడే. భయపడకండి, కానీ దాన్ని దాటేసి ముందుకు మాత్రం పోకండి. తుప్పు మీద వేసిన టేప్ తుప్పుకే అంటుకుంటుంది, రేకుకి కాదు.

వైర్ బ్రష్‌తో పెచ్చులు లేచినంత మేర గీకేయండి, డ్రిల్‌కి పెట్టే వైర్ వీల్ ఉంటే తొందరగా అవుద్ది, కళ్ళకి సేఫ్టీ గాగుల్స్ పెట్టుకోవాలి తప్పనిసరిగా. తర్వాత గరుకు కాగితంతో మెరిసే రేకు కనబడేదాకా రుద్దండి. చిన్న చిన్న గుంటల్లో మిగిలిన దానికి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ (తుప్పుని గట్టి పొరగా మార్చే మందు) పూయండి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనివ్వండి. వేలితో నొక్కితే రేకు మెత్తగా లోపలికి పోయేంత తినేసి ఉంటే మాత్రం పూతలతో లాభం లేదు, ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి, అది బాడీ షాప్ పని. బాగున్న రేకు మీద ఎపాక్సీ ప్రైమర్ రెండు పూతలు, దాని మీద పెయింట్. పెయింట్ పూర్తిగా ఆరాకే టేప్ వేయాలి, తొందరపడి సగం ఆరిన పెయింట్ మీద వేస్తే పెయింట్ టేప్‌తో పాటు ఊడొస్తుంది. నాకు ఈ ఒక్క పనికే శని ఆదివారాలు రెండు పట్టాయి, పట్టనివ్వండి.

కొత్తగా రంధ్రం కోయాల్సొస్తే

పాత అద్దం లేని చోట కిటికీ కావాలంటే రేకు కోయాలి. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. లోపలి ప్యానెల్ మొత్తం విప్పి వెనకాల ఏముందో కళ్ళతో చూడండి, వైర్ల కట్ట, వెనక ఏసీ గొట్టాలు, సీట్‌బెల్ట్ బిగించే చోటు, నిలువు పట్టీలు, డ్రైవర్ వైపు పెట్రోల్ నింపే గొట్టం. సీట్‌బెల్ట్ దగ్గర పట్టీని, రూఫ్ బరువు మోసే నిలువు పట్టీని ఎట్టి పరిస్థితుల్లో కోయకూడదు, కిటికీ ఆ పట్టీల మధ్య పట్టేంతే ఉండాలి.

బయట పెయింట్ మీద మాస్కింగ్ టేప్ వెడల్పుగా అంటించి, అట్ట మూస పెట్టి గీయండి. నాలుగు మూలల్లో జిగ్ సా (కరెంటు రంపం) బ్లేడు దూరేంత డ్రిల్ వేసి, మెటల్ బ్లేడు అంటే అంగుళానికి 24 పళ్ళున్నది పెట్టి, గీతకి కొంచెం లోపలగా నిదానంగా కోయండి. కోసుకుంటూ పోతున్న చోట వెనకాల టేప్ వేస్తూ రండి, లేకపోతే చివర్లో ముక్క బరువుకి కిందకి వేలాడి మూల దగ్గర రేకు చిరుగుద్ది. మిగిలిన కొంచెం ఆకురాయితో గీత దాకా అరగదీయండి. అట్ట మూస దూరిందా లేదా చూసి, కోసిన అంచుకి వెంటనే అదే రోజు ప్రైమర్ వేయండి. ఇక ఇనప రజను, అది పెయింట్ మీద ఎక్కడ పడితే అక్కడ తడి తగలగానే తుప్పు చుక్కలు వస్తాయి. బండి చుట్టూ పాత దుప్పటి కప్పండి, లోపల వాక్యూమ్ పట్టండి, చివర్లో గుడ్డలో చుట్టిన అయస్కాంతం నేల మీద, తలుపుల గాడుల్లో తిప్పండి.

రేకు ఒక్కటే ఉంటే క్లాంప్ రింగ్ నొక్కడానికి లోపల ఏం లేదు. రంధ్రం చుట్టూ లోపలి వైపు చెక్క పట్టీలు కానీ ప్లాస్టిక్ పట్టీలు కానీ అంటించి గోడ మందం తేవాలి. చెక్క అయితే నాలుగు పక్కలా వార్నిష్ వేయండి, చెమ్మ తాగకుండా. కొత్త రంధ్రం కోశారంటే ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా ఒక మాట చెప్పి పెట్టండి.

బిగించడం

కిటికీ చుట్టూ సీలింగ్‌కి సిలికాన్ వద్దు. దొరకడం తేలిక, చవక, ట్యూబ్ నొక్కితే అయిపోద్ది, అందుకే అందరూ అదే వాడతారు. కానీ పులుపు వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు వచ్చే యాసిడ్ రేకుని తింటుంది, ఒకసారి పూశాక ఆ చోట వేరే ఏదీ అంటుకోదు, పెయింట్ కూడా నిలవదు. క్లాంప్ రింగ్ కిటికీకి బ్యూటైల్ టేపే సరైనది, అది ఆరి గట్టిపడేది కాదు, బండి అదిరినా ఎండకి రేకు సాగినా దాంతో పాటు సాగుద్ది, రేపు కిటికీ తీయాలన్నా వస్తుంది.

ముందు టేప్ లేకుండా కిటికీ పెట్టి చూడండి. చుట్టూ సమానంగా కూర్చోవాలి, ఎక్కడా నొక్కాల్సిన పని ఉండకూడదు. బిగువుగా ఉంటే ఆకురాయి పట్టండి, ప్రైమర్ మళ్ళీ వేయండి. ఫ్రేమ్ కింది అంచులో చిన్న చీలికలు ఉంటాయి, స్లైడింగ్ గాడిలో పడ్డ నీళ్ళు బయటికి పోయే దారులు అవి. అవి కిందే ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి, తలకిందులుగా బిగించిన కిటికీ ఒకటి నేను కళ్ళారా చూశాను.

రేకునీ ఫ్రేమ్ అంచునీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. టేప్ ఫ్రేమ్ లోపలి అంచు మీద చుట్టూ వేయాలి, సాగదీయకూడదు, సాగదీస్తే మూలల్లో పల్చబడుద్ది, కారేది మూలల్లోనే. మొదలూ చివరా కింది అంచు మధ్యలో కలవాలి, వేళ్ళతో పిసికి రెండు కొసలూ ఒకటయ్యేట్టు చేయండి. ఈ పని ఎండాకాలం పొద్దున్నే ఏడింటికి పెట్టుకోండి, మధ్యాహ్నం అయితే టేప్ వేళ్ళకి జిగురులా అంటుకుపోద్ది, చలికాలంలో అయితే గట్టిపడి అతకదు.

బయట ఒకరు కిటికీ నొక్కి పట్టుకోవాలి, లోపల మీరు రింగ్ పెట్టి స్క్రూలు వేయాలి. డ్రిల్ వాడొద్దు, చేత్తోనే. అన్నీ వదులుగా ఎక్కించి, తర్వాత ఒక పక్క మధ్య స్క్రూ, దానికి ఎదురుగా ఇంకోటి, అలా ఐమూలగా మూడు నాలుగు చుట్లు కొంచెం కొంచెంగా బిగించండి. బయట టేప్ చుట్టూ సమానంగా సన్నగా పొంగుకొస్తే సరిపోయినట్టు. ఒక పక్క పొంగి ఇంకో పక్క రాలేదంటే అక్కడ ఖాళీ ఉంది, ఇంకా బిగించడం కాదు, విప్పి అక్కడ ఇంకో పొర వేయాలి. వాళ్ళిచ్చిన స్క్రూలే వాడండి, పొడుగువి పెడితే బయటి ఫ్రేమ్‌ని పొడిచేస్తాయి.

నీళ్ళ పరీక్ష

లోపలి ప్యానెల్ ఇంకా బిగించకండి. లోపల ఒకరు టార్చ్, టిష్యూ పేపర్లు పట్టుకుని కూర్చోవాలి, బయట మీరు తోటకి నీళ్ళు పెట్టే గొట్టంతో ముందు కింది అంచు, ఐదు నిమిషాలయ్యాక పక్కలు, చివరికి పై అంచు. పై నుంచి మొదలుపెడితే ఎక్కడ కారిందో ఎప్పటికీ తెలీదు, నీళ్ళు అంతటా పారిపోతాయి. ప్రెషర్ వాషర్ వద్దు, అంత ఒత్తిడికి మంచి సీల్ కూడా లేచిపోద్ది. నేను రెండోసారి పెట్టినప్పుడు లోపల మా బామ్మర్ది కూర్చున్నాడు, పై అంచుకి రాగానే "బావా ఆపు ఆపు, ఈ మూల టిష్యూ తడిసింది" అని అరిచాడు. గోరంత మచ్చ, అంతే. అది ప్యానెల్ వెనకాల ఉండిపోయుంటే ఏడాదిలో ఆ చెక్కంతా కుళ్ళిపోయేది. విప్పి ఆ పై మూలలో రెండో పొర వేసి పెట్టాక మూడోసారి టిష్యూ పొడిగా వచ్చింది.

పొంగిన టేప్‌ని ఆ రోజే కోయకండి, ఇంకా వస్తూ ఉంటుంది. మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి స్క్రూలు చేత్తో చూసి వదులైనవి బిగించి, అప్పుడు ప్లాస్టిక్ స్క్రేపర్‌తో కోసి మినరల్ స్పిరిట్ (పెయింట్ పల్చన చేసే ద్రవం) గుడ్డతో తుడవండి.

దోమతెర కిటికీతో పాటే వస్తుంది కానీ గాల్వెస్టన్ లాంటి సముద్రం పక్క చోట్లకి పోతే మామూలు తెరలోంచి నో-సీ-అమ్ (కంటికి సరిగ్గా ఆనని సన్నటి కుట్టే పురుగులు) దూరిపోతాయి. సన్న జల్లెడ తెర విడిగా కుట్టించుకుని అంచుకి అయస్కాంతం పట్టీ పెట్టుకోండి, అవసరమైన చోటే వాడండి, సన్న తెర గాలి కూడా తగ్గిస్తుంది.

నాలుగు నెలలకోసారి స్లైడింగ్ గాడిలో దుమ్ము పాత టూత్‌బ్రష్‌తో తీసి, కింది చీలికల్లో సన్నటి జిప్ టై కొస దూర్చి లాగండి, గాడిలో గ్లాసెడు నీళ్ళు పోసి చూడండి, బయటికి ధారగా పడాలి. గాడికి నూనె వేయొద్దు, దుమ్ము పట్టేస్తుంది, డ్రై సిలికాన్ స్ప్రే ఒక్కసారి కొడితే చాలు, అది కూడా అద్దానికీ పెయింట్‌కీ తగలకుండా గుడ్డ మీద కొట్టి పూయండి.